ఇంట్లో ఒకరికి నేర్పబడును

"మనిషన్నాక వారానికి ఒక్కరోజైనా సెలవుండొద్దూ?" అన్నాడు మా ఆయన, ఎంతో న్యాయంగా.

ఆ మనిషి నేను కాదు. అత్తయ్యగారిని రోజూ ఇంటికొచ్చి చూసుకోవడానికి ఓ కంపెనీ పంపిన సిస్టర్. ఆవిడ వచ్చిన మొదటిరోజు, ఏ రోజు సెలవు తీసుకోవాలో హాల్లో కూర్చుని ఇద్దరూ తేల్చుకుంటున్నారు. నేను వంటింట్లో ఆవిడకి టీ కలుపుతూ నిజమే కదా అని తలూపాను కూడా. ఆ సెలవురోజున అత్తయ్యగారిని ఎవరు చూస్తారన్న అనుమానం వాళ్ళిద్దరికీ రాలేదు. వాళ్ళ సంగతి సరే, నాకూ రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండేది అందుకే. ఆదివారం అనుకున్నారు. టీ తీసుకెళ్ళి ఇచ్చాను. "చక్కెర తక్కువైంది మేడమ్" అంది సిస్టర్. మళ్ళీ లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చాను.

అంతకుముందు ఏడాది అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దముద్దగా మిగిలింది, అదీ ఒక్కో ముక్కగా. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక, మా ఆయనా, మా వదినా, నేనూ ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాం. వదినంటే మా ఆయన అక్క.  ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. చూస్తావా అని అడగలేదు. అడిగితే కాదనే వీలుంటుంది కదా. "కొన్నాళ్ళే" అన్నాడు ఆయన. "ఎంతైనా ఇంటి మనిషి ఇంటి మనిషేనమ్మా" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ, కారు తాళాలు వెతుక్కుంటూ.

అలా నా ఉద్యోగానికి జీతం లేని సెలవు పెట్టాను. నేను కట్టుడుపళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టర్లు పంపిన నోటి అచ్చుల మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే అమర్చి, మనిషి వయసుకీ ఒంటిరంగుకీ తగ్గట్టు రంగు కుదిరిస్తాను. మరీ తెల్లగా, మరీ వరుసగా ఉంటే పెట్టుడువని ఇట్టే తెలిసిపోతాయి, ఎక్కడో ఒక పన్ను కాస్త పక్కకి తిప్పాలి. ఎంత తిప్పాలో నా వేళ్ళకి తెలుసు. ఈ పనంటే నాకు ప్రాణం. మా ఆయనకి అది "మీ పళ్ళకొట్టు". ఇంటికెవరైనా వచ్చి మీ ఆవిడ ఏం చేస్తారని అడిగితే "ఏదో కాలక్షేపానికి వెళ్తుందిలెండి" అంటాడు. ఆ కాలక్షేపం చేతిచలవతోనే వాళ్ళమ్మ ఇన్నేళ్ళుగా గట్టిగా నమిలి తింటోంది. ఆవిడ నోట్లో పైవరుస నేను చేసిందే.

ఆ ఏడాది నేనేం చేశానో చెప్పమంటే చెప్పలేను. ఉతికిన దుప్పట్లు ఎవరికీ కనిపించవు, మాసినవే కనిపిస్తాయి. ఎప్పుడైనా గదిలో కాస్త వాసనొస్తే ఆయన ముక్కు చిట్లించి "కిటికీ తియ్యలేదా?" అనేవాడు. వదిన ఫోన్లో మొహం చూపించమని అడిగి, వాళ్ళమ్మ బుగ్గలు లోపలికి పోయాయని నొచ్చుకునేది. "సరిగ్గా తినిపిస్తున్నావా?" అని అడిగేది. పక్షవాతం వచ్చినవాళ్ళకి ఒకవైపు కండ సడలుతుందని చెప్పాను. "అదేమోగానీ, నువ్వు వేళకి పెట్టు" అంది. నా నడుము పట్టేసి గోడ పట్టుకుని నడుస్తున్నప్పుడు మాత్రం ఇంట్లో ఎవరి చూపూ నా మీద పడలేదు.

అందుకే ఒకరోజు భోజనం చేస్తూ చేస్తూ మా ఆయన "నువ్విలా నలిగిపోతుంటే చూడలేకపోతున్నాను. ఇంటికొచ్చి చూసుకునే సిస్టర్ని పెడదాం" అన్నప్పుడు, నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఈయన్ని మనసులో ఎన్ని మాటలన్నానో అని సిగ్గుపడ్డాను. వడ్డించిన కూరే మళ్ళీ వడ్డించాను. మర్నాడే పనిచేసేచోటికి ఫోన్ చేశాను. అక్కడ యజమానిని మేమంతా పెద్దాయన అంటాం. "వచ్చే ఒకటో తారీకు దాకా నీ బల్ల నీదేనమ్మా. ఆ తర్వాత నన్నేమీ అనొద్దు, కొత్తమ్మాయి పని బాగా పట్టేసింది" అన్నాడాయన. ఒకటో తారీకుకి వస్తానన్నాను. మాటంటే మాటే అన్నాను.

సిస్టర్ తన పని తను చేసుకుపోయే మనిషి. చేతిలో పని లేకపోతే ఫోన్ చూసుకుంటుంది, మొహమాటం లేదు. మా ఇంట్లో మాత్రం ఆవిణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. అత్తయ్యగారిని ఒక పక్కకి తిప్పి వీపుకి పౌడరు రాస్తే, గుమ్మంలో నిలబడి మా ఆయన "ఎంత ఓపికో చూడు" అనేవాడు, నాతోనే. నేను అదే గుమ్మంలో దుప్పటి పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. చూడటానికొచ్చిన చుట్టాలు సిస్టర్ పేరు, ఊరు, పిల్లల చదువులు అన్నీ అడిగి తెలుసుకున్నారు. ఓ పెద్దావిడైతే "ఈ రోజుల్లో ఇంత సేవ ఎవరు చేస్తారమ్మా" అని సిస్టర్ చేతులు పట్టుకుని, నా వైపు తిరిగి "కాస్త మంచినీళ్ళు తెచ్చిపెట్టు" అంది.

అయినా నాకు కోపం రాలేదు, ఒకటో తారీకు దగ్గరపడుతోంది కదా. పైగా సిస్టర్ దగ్గర నేను బోలెడు నేర్చుకుంటున్నాను. ఏడాదంతా అత్తయ్యగారిని చంకల కింద చేతులు పెట్టి లాగాను, అందుకే నా నడుము పోయింది. అలా కాదట. చక్రాల కుర్చీ ఆవిడ బాగున్న వైపు పెట్టి, బ్రేకు వేసి, మంచం అంచు దాకా జరిపి, ఆవిడ బలంలేని మోకాలికి నా మోకాళ్ళు ఆనించి, వీపు చుట్టూ చేతులు వేసి, ఒక ఊపు ముందుకి ఊగి లేపాలట. లాగడం కాదు, ఆవిడతో పాటు లేవడం. చేతిపని ఏది చూసినా నేర్చుకోకుండా ఉండలేను నేను. రెండో రోజుకే చేసి చూపించాను. "మీ చెయ్యి మంచిది మేడమ్, మాలో కొందరికి నెలలు పడుతుంది" అంది సిస్టర్. ఉబ్బిపోయాను. ఆదివారాలు ఆవిడ రాకపోయినా ఇబ్బంది ఉండదు కదా అనుకున్నాను. మా ఆయన ఎన్నడూ లేనిది దగ్గర నిలబడి చూశాడు. "ఇంకోసారి చెయ్యి" అని ఫోన్లో తీసి వదినకి పంపాడు. వదిన వెంటనే "మా బంగారం" అని జవాబిచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను ములగచెట్టు ఎక్కిస్తున్నారని నాకు తట్టలేదు. ఏడాది తర్వాత దొరికిన పొగడ్త, ఎవరు కాదంటారు?

నెలాఖరున ఓ మధ్యాహ్నం పనిలో వేసుకునే తెల్లకోటు బయటికి తీసి ఇస్త్రీ చేస్తున్నాను. సిస్టర్ తన సంచి సర్దుకుంటూ "ఎల్లుండి మా సూపర్‌వైజర్ మేడమ్ వస్తారు. మీరు చేసేది ఒకసారి చూసేసి సరే అంటే, నాకు ఇక్కడ డ్యూటీ అయిపోయినట్టే" అంది.

"డ్యూటీ అయిపోవడమేంటి?" అన్నాను.

"మీది నేర్పించే ప్యాకేజీ కదా మేడమ్. మావి రెండు రకాలు. ఒకటి మేమే ఎప్పటికీ ఉండి చూసుకునేది. ఇంకోటి ఇంట్లో ఒకరికి నేర్పించి వెళ్ళిపోయేది. సార్ రెండోది తీసుకున్నారు. మీకు చెప్పలేదా?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టాను. నేను ఎంత బాగా నేర్చుకుంటే అంత త్వరగా ఆవిడ వెళ్ళిపోతుంది. నెలంతా నేను చేసింది అదన్నమాట. నా గోతిని నేనే, అందరి మెప్పూ పొందుతూ, శుభ్రంగా తవ్వుకున్నాను.

ఆయన బ్యాంకులో డ్యూటీ అయి రాగానే అడిగాను. బూట్లు విప్పుకుంటూ "దాచడానికేముంది, నీకు తెలుసనే అనుకున్నాను" అన్నాడు.

"ఒకటో తారీకున నేను పనికి వెళ్తున్నానని మీకు చెప్పాను."

"చెప్పావు. ఇంకా ఆ పళ్ళకొట్టు మీదే ఉందా నీ మనసు? పళ్ళు ఎవరైనా చేస్తారు. అమ్మకి నువ్వొక్కదానివే కదా."

"అమ్మకి మీరున్నారు, వదిన ఉంది."

నవ్వాడు. కోప్పడినా బాగుండేది. "అక్కకి దాని సంసారం ఉంది. నేను మగవాణ్ణి, ఇలాంటివి నాకు చేతకావని నీకు తెలుసు. నువ్వు నడుం విరగ్గొట్టుకుంటున్నావనే కదా, సుఖంగా ఎలా చెయ్యాలో నేర్పించాను. ఇంకా ఏం చెయ్యమంటావు చెప్పు?"

నిజంగానే అడిగాడు. నాకు గొప్ప మేలు చేశాననే ఆయన నమ్మకం. అది చూసే నాకు ఇంకా భయమేసింది. వదినకి ఫోన్ చేశాను. "అత్తకి సేవ చేసుకునే అదృష్టం అందరికీ దొరుకుతుందా?" అంది. ఆ అదృష్టంలో సగం నువ్వు తీసుకో వదినా అన్నాను. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేసింది.

సూపర్‌వైజర్ వచ్చిన రోజు మా ఆయన సెలవు పెట్టాడు. ఏడాదిలో వాళ్ళమ్మ కోసం ఆయన పెట్టిన మొదటి సెలవది. వదిన ఫోన్లోంచి చూస్తోంది, బల్ల మీద నీళ్ళ సీసాకి ఆనించి పెట్టారు. సూపర్‌వైజర్ నడివయసు మనిషి, గట్టిగా మాట్లాడుతుంది. "కానివ్వండమ్మా, మంచం నుంచి కుర్చీలోకి" అంది.

ఆ రెండురోజులూ నేను ఆలోచించింది ఒక్కటే, తప్పు చేద్దామా అని. బ్రేకు మర్చిపోవచ్చు. మోకాలు ఆనించకుండా లేపొచ్చు. ఈవిడకి ఇంకా రాలేదు, సిస్టర్ ఇంకొన్నాళ్ళు ఉండాల్సిందే అంటారు. అంత తేలిక. కానీ అత్తయ్యగారి వీపు చుట్టూ చేతులు వెయ్యగానే ఆవిడ గడ్డం నా భుజం మీద పెట్టి, బాగున్న చేత్తో నా జాకెట్టు గట్టిగా పట్టుకుంది. ఆ బరువంతా నన్ను నమ్మి నా మీద వాలింది. ఆవిడ ఎముకలు విరగ్గొట్టి నా ఉద్యోగం నిలబెట్టుకోలేను. కుర్చీలో మెత్తగా కూర్చోబెట్టాను. పాదాలు సర్దాను. పడిపోయిన చేతి కింద దిండు పెట్టాను.

"ఇంకేం కావాలి, మా వాళ్ళకంటే బాగా చేశారు" అంది సూపర్‌వైజర్. ఫోన్లోంచి వదిన చప్పట్లు కొట్టింది. "ఏమ్మా పెద్దమ్మగారూ, మీకు ఎవరు చేస్తే బాగుంటుంది?" అని సూపర్‌వైజర్ అత్తయ్యగారిని అడిగింది.

ఆవిడ పెదాలు కూడదీసుకుని, చాలాసేపు కష్టపడి, "కోడలు" అంది.

అందరి మొహాలూ వెలిగిపోయాయి. ఆవిడ నా మీద ప్రేమతోనే అంది. ఆ ప్రేమని తోసెయ్యలేను, దాని కింద బతకనూ లేను. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు జాలీ కోపమూ రెండూ వచ్చాయి, రెండిట్లో ఏదీ అబద్ధం కాదు.

"అయితే రేపట్నుంచి సిస్టర్ రాదు. పగలు దగ్గరుండేది ఎవరు?" అని సూపర్‌వైజర్ అడిగింది. "తనే" అన్నాడు మా ఆయన, నా భుజం తడుతూ.

"నేను ఒకటో తారీకు నుంచి పనికి వెళ్తున్నాను" అన్నాను సూపర్‌వైజర్‌తోనే. "పొద్దున వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక అత్తయ్యగారి పనులన్నీ నేను చూస్తాను. పగలు ఈయన. మీరు నేర్పించేది ఇంట్లో ఒకరికి అన్నారు కదా. ఆ ఒకరు ఈయన."

"అందరి ముందూ ఏంటిది" అన్నాడు ఆయన పళ్ళ బిగువున.

నేను అత్తయ్యగారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "స్నానం, బట్టలు మార్చడం నేనే చేస్తాను అత్తయ్యా, మీకు ఇబ్బంది లేకుండా. మధ్యాహ్నం మాత్రం మీ అబ్బాయి ఉంటాడు, లేకపోతే ఆయన పెట్టిన మనిషి ఉంటుంది. నేను లేకపోతే మీకు జరగదని కాదు. నాకు జరగడం లేదు." ఆవిడ నన్ను చూసింది. తలూపలేదు, అడ్డంగానూ ఊపలేదు. కళ్ళు మంచం వైపు తిప్పింది. నడుము లాగుతున్నట్టుంది, పడుకోవాలి.

అలవాటుగా లేచాను. లేచి, కుర్చీ దగ్గర్నుంచి పక్కకి జరిగాను.

ఎవరూ కదల్లేదు. ఫోన్లో వదిన "ఏమైంది, ఎవరూ కనిపించట్లేదు" అంటోంది. అత్తయ్యగారు "రా" అంది. నన్నే. గోడకి ఆనుకుని నిలబడ్డాను.  చివరికి సూపర్‌వైజరే "రండి సార్, నేను చెప్తాను" అంది.

కుర్చీ తిప్పడం, బ్రేకు, మోకాలు, అన్నీ ఆవిడ చెప్తోంటే చేశాడు. మొదటిసారి సగం లేపి మళ్ళీ కుర్చీలోనే కూలేశాడు, వాళ్ళమ్మ మూలిగింది. సూపర్‌వైజర్ ఒక చెయ్యి వేసి పట్టుకుంది. రెండోసారికి మంచం మీదకి చేర్చాడు. కాళ్ళు పైకి పెట్టాడు, దిండు మర్చిపోతే సిస్టర్ అందించింది. చొక్కా వీపంతా తడిసిపోయింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు.

"మొదటిసారికి బాగానే చేశారు సార్" అంది సూపర్‌వైజర్. "పగలు ఓ నాలుగైదుసార్లుంటుంది, అంతే."

మా ఆయన మొహం తుడుచుకున్నాడు. నా వైపు ఓసారి చూసి, నాకు వినపడకూడదని గొంతు బాగా తగ్గించి, ఆవిణ్ణి అడిగాడు.

"మేడమ్, ఎప్పటికీ మీ మనిషే ఉండేలా కావాలంటే ఏం చెయ్యాలి?"