కనపడని రఫూ

"రఫూ ఎక్కడమ్మా?" అని సూపర్‌వైజర్ అడగడం అది నాలుగోసారి. చొక్కాను ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాడు, తిరగేసి చూశాడు, భూతద్దం తెప్పించుకుని మరీ చూశాడు. చిల్లి లేదు, చిల్లి ఉన్న జాడా లేదు.

"మోచేతి దగ్గరే ఉంది సార్," అంది రఫూ పిన్ని. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. పొద్దుట్నుంచి మంచినీళ్లకైనా లేవకుండా కూర్చుంది మరి. నాలుగు రోజుల్లో ఇరవై చొక్కాలు.

ముప్పై ఏళ్లుగా ఆమెది అదే పని. సిగరెట్టుకు కాలిన కోట్లు, మేకు పట్టి చిరిగిన ప్యాంట్లు ఆమె చిన్న కొట్టుకు వచ్చేవి. ఆ గుడ్డ అంచులోంచే పోగు లాగి, ఆ నేతలోనే కలిపేసేది. బాగుచేసిన చోటు సొంతదారుకే దొరక్కూడదు, అదీ ఆ విద్యకున్న మర్యాద. రానురాను కొత్త చొక్కా రఫూ కూలికంటే చవకైపోయింది. చిరిగితే పారేసి ఇంకోటి కొనుక్కునే జనానికి ఆమెతో పనేముంది? కొట్టు మూతపడింది. అక్క కూతురు తాను మిషను కుట్టే ఈ ఫ్యాక్టరీలోనే ఆమెను చేర్పించింది, పూచీ తనదని సంతకం పెట్టి. ఆ పిల్ల పిలుపే హాలంతటికీ అలవాటై, అందరూ ఆమెను పిన్ని అనే అంటారు.

ఇప్పుడు జనానికి పాత బట్టల మీద ప్రేమ పుట్టుకొచ్చిందట. చిరిగినదాన్ని బాగుచేసుకుని తొడుక్కుంటే భూమికి మేలట. మాట నిజమే, పిన్నికి ఒకరు చెప్పాలా? కానీ ఈ చొక్కాలు పాతవి కావు. పక్క హాల్లో పోయిన వారం కుట్టి, సాన చక్రానికి ఆనించి చిల్లులు పెట్టినవి. మెడ దగ్గర చీటీ మాత్రం 'పారేయకుండా చేత్తో బాగుచేసిన పాత చొక్కా' అంటుంది. ధర కొత్తదానికి మూడింతలు. పిన్ని రోజు కూలి పెడితే అందులో ఒక చెయ్యి కూడా రాదు. అబద్ధానికైనా హద్దుండొద్దూ?

"కనపడకపోతే ఎవడు కొంటాడమ్మా?" అన్నాడు సూపర్‌వైజర్. "ఎర్రదారంతో, వంకరటింకరగా, ఇదిగో అతుకు అన్నట్టుండాలి. చిన్నపిల్లలు కూడా కుడతారు."

"చిన్నపిల్లలు కుట్టినట్టు కుట్టడానికా సార్ నన్ను పెట్టుకుంది?"

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె అన్నందుకు కాదు, వాళ్లు నవ్వినందుకు మండింది అతనికి. కత్తెర తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"ఇరవైకీ ఆ రఫూలు కోసెయ్. సాయంత్రం బండి వచ్చేలోపు ఎర్రదారం పడాలి."

పిన్ని కత్తెర ముట్టుకోలేదు. ఆ చేత్తో ఇంతవరకు ఎవరి గుడ్డకీ చిల్లి పెట్టి ఎరగదు.

"నేను కొయ్యను సార్."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అతను అరవలేదు. అరిచినా బాగుండేది. రెండో వరుసలో కూర్చున్న అక్క కూతురి వైపు తిరిగాడు.

"పూచీ నీదేగా? నువ్వొచ్చి కొయ్యి. లేదంటే ఇద్దరూ గేటు దాటండి."

ఆ పిల్ల లేచి వచ్చింది. ఇంట్లో చంటిబిడ్డ, పనిపోయి కూర్చున్న మొగుడు, తిన్నా మానినా తన జీతమే. పిన్ని మొహంలోకి చూడలేక, "నన్నేం చెయ్యమంటావు పిన్నీ," అని గొణిగి కత్తెర అందుకుంది.

తప్పు ఆ పిల్లది కాదని పిన్నికి తెలుసు. కళ్ల నిండా నీళ్లతో ఆ పిల్ల చొక్కాను ఒళ్లో వేసుకుని, గుడ్డ కింద వేలుందో లేదో చూసుకోకుండానే కత్తెర తెరిచింది.

"ఆగమ్మా, వేలు తెగుతుంది," అంది పిన్ని.

మోచేతి దగ్గర గుడ్డను రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"ఊ, ఇప్పుడు కొయ్యి."