వెనక తలుపు తాళం

జొన్నరొట్టె కాలుస్తుంటే నా భర్త హరిలాల్ పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఇయ్యాల ఫారినోళ్లు వస్తున్నరంట. జయరాజు సార్ చెప్పినట్టే మాట్లాడు. నా డ్రైవర్ నౌకరి గూడ గాయన చేతులనే ఉన్నది," అన్నాడు. పెన్‌పహాడ్ దగ్గరి మా తండా నుంచి సూర్యాపేట బట్టల ఫ్యాక్టరీకి ఆడవాళ్లను చేరవేసే వ్యాన్ అతను నడుపుతాడు. అందులోనే వెళ్లి నేను చొక్కాలు కుడతాను. తిరిగొచ్చాక వంట, బోళ్లు, అత్త కాళ్లు ఒత్తడం.

పోయిన నెల ఇస్త్రీ సెక్షన్‌లో వైర్లు కాలి హాలంతా పొగ కమ్మింది. వెనక తలుపు వైపు పరుగెత్తాం. తాళం. బట్టలు ఎవరైనా ఎత్తుకుపోతారని ఎప్పుడూ వేసే ఉంచుతారు. ముందు మెట్ల మీద తొక్కిసలాటలో మాతో కుట్టే సంతోషి పడిపోయి చెయ్యి విరిగింది. దగ్గుతూ ఇంటికొస్తే మా అత్త, "పొగకే గింత పరేషానా? పొయ్యి ఊదుతలేవా? ఆడదానికి పొగ కొత్తనా?" అంది. హరిలాల్ ఆకలవుతోందన్నాడు. ఆ పూటా నేనే వండాను. అప్పటినుంచి మిషన్ ముందు కూర్చున్నా నా చూపు ఆ తాళం మీదే.

ఫారినోళ్లు వచ్చే ఆ ఉదయం మాత్రం వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. మేనేజర్ జయరాజు మమ్మల్ని నిలబెట్టి చెప్పాడు. "అంతా మంచిగున్నదనాలె. ఊకె తనిఖీలు వద్దని కుట్టే కంపెనీలు, కొనే కంపెనీలు కలిసి సర్కారును అడుగుతున్నయ్. మీరు నోరు జారితే ఆర్డర్లు వేరే దేశం పోతయ్."

చొక్కాలు కొనే కంపెనీ నుంచి వచ్చినామె నవ్వుతూ నా పక్కన కూర్చుంది. "మీ ప్రాణాలే మాకు ముఖ్యం," అన్న ఆమె మాటను వెంట వచ్చిన అమ్మాయి తెలుగులో చెప్పింది. నేర్పిన జవాబు నాలుక చివరే ఉంది. జయరాజు చూస్తున్నాడు. ఇంట్లో, ఇక్కడ, నా నోటితో ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారనిపించింది.

"తలుపు ఇయ్యాలనే తీసిండ్రు మేడం. తనిఖీలు వద్దనేటోళ్లల్ల మీ కంపెనీ గూడ ఉన్నదా?"

ఆమె నవ్వు ఆగింది. అది పై ఆఫీసు చూసుకుంటుందట.

ఆ రాత్రి ఇంట్లో హరిలాల్, "రేపు సార్ కాళ్లు మొక్కు. గంతటితోని ఖతం," అన్నాడు.

మర్నాడు తలుపుకు మళ్లీ తాళం పడిందని వాచ్‌మన్ చెప్పాడు. నేను లోపలికి పోలేదు. గేటు పక్కన నేల మీద కూర్చున్నాను. "లే వనితా, ఇజ్జత్ తీస్తవా?" అంటూ హరిలాల్ హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే తలొంచుకుని నన్ను దాటి వెళ్లారు. అందరి వెనక వచ్చిన నా పక్క మిషన్ అచ్చమ్మ ఆగింది. టిఫిన్ డబ్బా నేల మీద పెట్టి, "జర జరుగు," అంది.