బీరమ్మ దాటించిన రోడ్డు

ముందు వాసన వస్తుంది.

ఉన్ని వాసన, పాల వాసన, మంచుకు తడిసి ఎండకు ఆరిన పెంట వాసన... ఆ తర్వాతే గొర్రెలు కనిపిస్తాయి. కొత్తకోట బజారులో జనం ముక్కు మూసుకుంటారు. స్వరూప మాత్రం నిండుగా ఊపిరి పీలుస్తుంది. ఆ వాసనలో ఆమె అత్త బీరమ్మ ఉంది.

బీరమ్మ పోయింది.

మాఘంలో, మంద ఈనుతున్న రోజుల్లో పోయింది. మంచంలో నుంచే ఏ గొర్రె ఈనిందో, ఏ పిల్ల పాలు తాగడం లేదో అడుగుతూ అడుగుతూ పోయింది.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. చెలకలు బోసిపోయాయి. బెంగళూరు రోడ్డుకు ఇటువైపు కుంటలన్నీ పగుళ్లే. అటువైపు, పోగా పోగా కృష్ణ ఒడ్డు వస్తుంది. అక్కడ వరి కోసిన మళ్లలో మంద కట్టమని రైతులే పిలుస్తారు. గొర్రెలకు మేత, మళ్లకు ఎరువు, కాపరికి ఇన్ని గింజలు. ఏటా మంద బతికేది అక్కడే.

ఏటా తోలుకుపోయేది బీరమ్మే.

నిజానికి వలస మగవాళ్ల పని. ఆడవాళ్లు పిల్లల్ని పట్టుకుని ఇంటి దగ్గర ఉండాలి. గొర్రెలు కాసే కురుమల ఇళ్లలో అదే రివాజు. బీరమ్మ కూడా ఉండేదే — మొగుడు పిడుగు పడి పోకపోతే. పిల్లలు ముగ్గురూ చిన్నవాళ్లు. మంద అమ్మేసి కూలికి పొమ్మన్నారు పెద్దలు. ఆమె ఏడ్చింది. ముక్కు చీదింది. మొగుడి గొంగడి భుజాన వేసుకుంది.

నడిచింది.

చిన్నకూతురు కోమలను చంకనేసుకుని నడిచింది. జ్వరమొచ్చినా నడిచింది. ఆ నడకతోనే పిల్లల్ని సాకింది, కూతుళ్ల పెళ్లిళ్లు చేసింది, కొడుకు లింగయ్యకు స్వరూపను తెచ్చింది.

నోరు మాత్రం మంచిది కాదు. తెలంగాణ వచ్చిందని ఊరంతా పటాకులు కాలుస్తుంటే, మంద బెదురుతుందని అందరినీ పేరుపేరునా తిట్టింది. తిట్టి, చాటుగా తానూ ఇంత మిఠాయి నోట్లో వేసుకుంది. స్వరూప కూడా ఆ తిట్లు బాగానే తిన్నది. కానీ కూర చాలనినాడు ఉత్త కారం మెతుకులతో లేచిపోయేది ఆ మనిషే. మొదటి కాన్పు కష్టమై స్వరూప దవాఖానలో పడి ఉంటే, మందను పరాయివాళ్లకు అప్పగించి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నదీ ఆ మనిషే. బీరమ్మ మందను వదలడం అదొక్కసారే.

ఈ ఏడు లింగయ్య కాలు విరిగింది. పట్టీతో మంచంలో ఉన్నాడు. అతని చిన్నాయన కృష్ణయ్య వచ్చి, మేత లేక చచ్చేకంటే మందను అమ్మేద్దామన్నాడు. ఆదివారం, కోతకు గొర్రెల్ని కొనే బేరగాణ్ని పిలుచుకొస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, అదే చిక్కు. లింగయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

స్వరూప పొయ్యి దగ్గర నుంచే చెప్పింది.

"మందను నేను తోల్కపోత చిన్నమామా. రోడ్డు దాటియ్యలేకపోతే అప్పుడు అమ్ముండ్రి."



తెల్లవారి బయల్దేరారు. ముందు స్వరూప. వెనుక, అన్నకు కాలు విరిగిందని తెలిసి అత్తగారింటి నుంచి వచ్చిన కోమల. మధ్యలో దుమ్ము, దుమ్ములో మంద...

రోడ్డు దగ్గర మంద ఆగిపోయింది.

గొర్రె తారును నమ్మదు. అరిచినా కదలదు, కొట్టినా కదలదు. బీరమ్మ ఒక పిల్లను ఎత్తుకుని ముందు నడిచేది. పిల్ల అరిచేది. తల్లి వెంటబడేది. తల్లి వెంట మందంతా దిగేది.

స్వరూప కూడా వంగి ఒక పిల్లను ఎత్తుకుంది. చెయ్యి ఎత్తి లారీని ఆపింది. డివైడర్ దాకా నడిచింది. పిల్ల గొంతు చించుకుని అరిచింది.

ఒక్క గొర్రె కదలలేదు.

లారీ హారన్ కొట్టింది. దాని వెనుక బస్సు కొట్టింది. మోటార్‌సైకిల్ మీద ఎవరో ఏదో కూసిపోయాడు. మంద వెనుక నుంచి కోమల గొంతు వినబడింది.

"వదినా... అది తల్లి లేని పిల్ల!"

స్వరూప చేతుల్లోకి చూసుకుంది. నిజమే. పుట్టగానే తల్లి పోయింది. మాఘం నుంచి సీసాతో పాలు పట్టింది తనే. ఎప్పుడూ ఒళ్లో ఉండేదే కదా, చెయ్యి దాని మీదికే పోయింది. దాని అరుపుకు ఏ గొర్రె వస్తుంది?

ఏడుపొచ్చింది. అత్త మీద కోపమొచ్చింది. అన్నీ నేర్పి, అసలు సమయానికి లేకుండా పోయిందని. తిట్టడానికైనా లేదని.

వెనక్కి నడిచింది. కోమల ఆమె ముఖంలోకి చూసి, మర్లిపోదామా అని మెల్లగా అడిగింది. స్వరూప సీసా పిల్లను కింద దించింది. మందలోకి చొరబడింది. అన్నిటికంటే ముందు నడిచే ముసలి గొర్రెను వెతికి, దాని కాళ్ల మధ్య నుంచి పిల్లను లాగి ఎత్తుకుంది.

ముసలి గొర్రె తలెత్తింది.

తను తోడొచ్చిన ఒక ఏడు ఇదే చోట బీరమ్మ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "ఎనక్కి సూడకు బిడ్డా. నువ్వు సూస్తే అవి ఆగుతయ్. నువ్వు పోతనే ఉండు."

స్వరూప చెయ్యి ఎత్తింది. ఇంకో లారీ కీచుమంటూ ఆగింది.

అడుగు వేసింది. పిల్ల అరిచింది. ఇంకో అడుగు...

వెనుక తారు మీద ఒక డెక్క చప్పుడు. ఆగింది. మళ్లీ. దాని వెనుక ఇంకొకటి — లేక అదేనా? సీసా పిల్ల మడమలకు తగులుతూ ఉరుకుతోంది. హారన్ల మోతలో ఏదీ తెలియడం లేదు. ఒక్కసారి చూస్తే చాలు. ఒక్కసారి... మెడ నరాలు లాగుతున్నాయి.

చూడలేదు.

డివైడర్ దాటింది. ఇంకా సగం రోడ్డు ఉంది. స్వరూప నడుస్తూనే ఉంది.