సగం సినిమాలో గుండు

కెమెరా మురళి బండి వెనక సీటు దిగి, కెమెరా సంచి ఒక భుజాన, స్టాండు ఇంకొక భుజాన మోసుకుంటూ పెనుకొండ కొండ కిందికి చేరిన ఈశ్వరి, బండరాయి మీద కూర్చున్న మనిషిని చూసి ఎవరో అనుకొని ముందుకు సాగిపోయింది.

"యాడికి పాపా అట్ల పోతాండావు? నేనీడుంటే!"

గొంతు ఆమె సినిమాలో నటిస్తున్న సంజీవప్పది. తల మాత్రం సంజీవప్పది కాదు. భుజాల మీద పడి గాలికి ఎగిరే నెరిసిన జుట్టు లేదు. దాని చోట గంధం పూసిన గుండు, నున్నగా, నిశ్చింతగా, పొద్దుటి ఎండకు మెరుస్తూ ఉంది.

ఈశ్వరి భుజం మీది స్టాండు జారి కింద పడింది.

ఆమెది హిందూపురం. యూనివర్సిటీలో మల్టీమీడియా చివరి సంవత్సరం. పరీక్షకు బదులుగా పది నిమిషాల సినిమా ఒకటి తీసి సోమవారం అప్పజెప్పాలి. అప్పజెప్పకపోతే ఏడాది పోతుంది. కథ చిన్నది. ఒక గొర్రెల కాపరి తప్పిపోయిన గొర్రెపిల్లను వెదుకుతూ కొండ ఎక్కుతాడు, దొరికిన పిల్లను ఎత్తుకొని కొండ దిగుతాడు. మాటలు లేవు. మాటలకు బదులు ఆ జుట్టు ఉంది, ఆ జుట్టులో గాలి ఉంది. ఆ జుట్టు కోసమే ఆమె ఊరూరూ తిరిగి సంజీవప్పను వెదికి పట్టుకుంది.

ఎక్కడం పోయిన ఆదివారం తీశారు. ఆఖరున "చాలు తాతా" అని చెప్పి, కెమెరా ఆపడం మరిచిపోయి, టేపు దండగ చేసినందుకు మురళితో తిట్లు కూడా తిన్నది. దిగడం ఈరోజు తీయాలి. కెమెరా మురళిది, అతడు హిందూపురంలో పెళ్లి వీడియోలు తీస్తాడు. రేపటినుంచి అతనికి వరుసగా ముహూర్తాలు. ఈరోజు దాటితే కెమెరా లేదు, సినిమా లేదు.

"జుట్టేమైంది తాతా?"

"కదిరికి పొయ్యొస్తి. స్వామికి ఇచ్చేస్తి."

"ఎందుకు?"

"ఎందుకేంది? నీ సినిమా కోసరమే! ఏ అడ్డమూ రాకుండా జరిగితే తల ఇస్తానని మొక్కుకోనుంటి. సగం బాగా అయిపాయ తాతా అని నువ్వే అంటివి గదా. ఇంగ స్వామిని కాచుకోబెట్టగూడదమ్మా."

ఏమని తిట్టాలి? ఎవరిని తిట్టాలి? ఈశ్వరికి మామూలుగానే నోరు పెగలదు. అడ్డం రాకూడదని మొక్కిన మొక్కే అడ్డమై, చేతులు కట్టుకొని ఆమె ఎదుట నిలబడి నవ్వుతోంది.

మురళి బండికి స్టాండు వేసి వచ్చి, ఆ గుండు చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఎక్కేటప్పుడు జుట్టు, దిగేటప్పుడు గుండు! కొండ మీద కటింగ్ షాపు ఉండాదని నడిమధ్యలో ఒక బోర్డు చూపిద్దాం లే పాపా."

"అన్నా, నువ్వు గమ్మునుండు."

తలగుడ్డ చుట్టి చూశారు. చెవుల పక్కన వేలాడవలసిన జుట్టు లేక, ఆ తల ఎవరి తలో అన్నట్టే ఉంది. ఇక మిగిలింది ధర్మవరం. అక్కడ నాటకాలకు వేషాలు బాడుగకిచ్చే పోతులయ్య అంగడి ఉంది. మురళి గొణుక్కుంటూనే బండి తీశాడు.

పోతులయ్య అంగట్లో గోడ నిండా విగ్గులు: నల్లవి, ఉంగరాలవి, నడుము దాకా దిగేవి.

"గొర్రెల కాపరిది కావాలి," అంది ఈశ్వరి మెల్లగా.

పోతులయ్య కండ్లద్దాలు పైకి తోసుకొని ఆమెను చూశాడు. "కిరీటం లేనోనికి విగ్గెందుకమ్మా? ముసలి రాజుది తెల్లది ఉండాది. కావాలంటే అది తీస్కపో."

ఆ ముసలి రాజు జుట్టును సంచిలో పెట్టుకొని పెనుకొండ చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. విగ్గు సంజీవప్ప తలకెక్కింది. ఎక్కిన మరుక్షణం వెన్ను నిటారైంది, రొమ్ము ముందుకు వచ్చింది, చేతిలోని కర్ర గదలాగా భుజానికెక్కింది. కొండ దిగుతున్నవాడు కొలువులోకి వస్తున్నట్టు నడిచాడు.

"ఊరికే నడువు తాతా."

"నెత్తిన ఇది పెట్టుకోని ఊరికే ఎట్ల నడిచేది పాపా?"

మళ్ళీ తీశారు. మళ్ళీ రాజే దిగాడు. మూడోసారి రాజు చేయెత్తి, గొంతు సవరించుకొని, తన మందను పిలిచాడు. తలెత్తిన గొర్రెలు ఆ తెల్లటి బుర్రను ఒక్క క్షణం చూసి, ఒక్కుమ్మడిగా బెదిరి, రాళ్ల మీదుగా తలొక దిక్కుకు పరుగెత్తాయి. సినిమాలో దొరకవలసిన పిల్ల నిజంగానే తప్పిపోయింది.

"లైటు పోతాంది పాపా. ఇంగ కట్టేద్దాం," అన్నాడు మురళి.

"విగ్గు తీసెయ్ తాతా!"

ఆ అరుపు తన నోటినుంచే వచ్చిందని ఈశ్వరికి, కొండ దాన్ని తిరిగి వినిపించాక గాని తెలియలేదు. సంజీవప్ప అదిరిపడి విగ్గు తీసి కర్రకు తగిలించాడు. రాజు పోయాడు. బిక్కమొగం వేసుకున్న ముసలివాడు మిగిలాడు. నాలుక అంగిలికి తాటించి, తనకూ మందకూ మాత్రమే తెలిసిన చప్పుడు చేశాడు. రాళ్ల సందులోనుంచి పిల్ల వచ్చింది. వంగి ఎత్తుకుంటే, అది మెడ చాచి గుండు మీది గంధం నాకింది.

సంజీవప్ప పిల్లను చంకన పెట్టుకొని తూర్పుకు, కదిరి దిక్కుకు తిరిగి, ఒంటి చేయి నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ తిరగడం ఈశ్వరి ఎక్కడో చూసింది. గబగబా టేపు వెనక్కి తిప్పింది. ఉంది. ఆదివారం, తాను ఆపడం మరిచిన కెమెరాలో, కొండ నడుమ నిలబడి సంజీవప్ప తూర్పుకు చేతులు జోడించాడు. జుట్టు గాలికి ఎగురుతోంది, పెదవులు కదులుతున్నాయి, మాట వినబడడం లేదు.

"అన్నా, చూడు! పిల్ల దొరకాలని మొక్కుకుంటాండాడు. దొరికింది. మొక్కు తీరింది, దిగేటప్పటికి గుండు."

మురళి తెరలోకి వంగి చూశాడు. కటింగ్ షాపు మాట మళ్ళీ ఎత్తలేదు. "దండగైన టేపు గదా ఇది," అని మాత్రం అని, స్టాండు కాళ్లు తానే సరిచేశాడు.

మిగిలిన వెలుతురులో సంజీవప్ప కొండ దిగాడు. భుజాన పిల్ల, నెత్తిన గంధం, రాజు లేడు. ఒక్క టేకుతో అయిపోయింది. ఈసారి ఈశ్వరి కెమెరా ఆపడం మరిచిపోలేదు.

"అయిపోయింది తాతా. ఇంక మార్కులు రావడమే," అంది, ఊపిరి వదులుతూ.

సంజీవప్ప పిల్లను దింపి, మీసం ఒకసారి దువ్వుకొని, మెల్లగా తూర్పుకు తిరిగాడు.

"తాతా! వద్దు! కెమెరాలో ఏమైనా తేడా వచ్చింటే అన్న కాళ్లు పట్టుకోనైనా మళ్ళీ తీయాల. సోమవారం దాకా ఏమీ మొక్కొద్దు!"

సంజీవప్ప జోడించబోయిన చేతులు వెనక్కి తీసుకొని, తప్పు చేసినవాడిలా మీసం మీద అరచేయి కప్పుకున్నాడు.

"అనేసుకుంటి పాపా."