కదిలే ఇంటికెంత ఇనుము

పోనీ ఈ గిన్నెల అరలు తీసేయమందామా, తీసేస్తే గిన్నెలెక్కడ పెట్టుకోను, బండి కుదుపుకి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ దారి పొడుగునా భజన చేస్తాయి, అసలు నన్నెందుకు అడగాలి ఈ మనిషి, భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ ప్లేట్ మిల్లులో వయసంతా వెల్డింగు చేసి మొన్ననే రిటైరైనవాడికి ఏ ఇనుము ఉంచాలో ఏ ఇనుము కోయాలో తెలియదా, పొద్దున్నే సుద్దముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు మా ఆయన అప్పలసూరి, మిల్లులో ప్లేటు కోసే ముందు గుర్తు గీసుకునే సుద్ద అది, ఒలే సిమ్మాచలం, బండి బరువు తగ్గాల, నీకు అక్కర్లేని కాడల్లా గీసీ, నాను ఖుర్సీపారెల్లి నూకరాజు కాడ గ్యాస్ కటర్ అట్టుకొస్తాను, గీసిందల్లా కోసేత్తాను, ఒక్క గీతా నేకపోతే అదే నీ జవాబనుకుంటాను, బండి అమ్మీసి ఇద్దరం పిల్ల కాడికే ఎలిపోదుం, అని సైకిలెక్కి వెళ్లిపోయాడు, కోపంగా అన్నా బాగుండేది, కూరలోకి ఏం తేవాలని అడిగినట్టు మామూలుగా అన్నాడు, ఇప్పుడు సెక్టర్ 7లో మా క్వార్టర్ ముందు జామచెట్టు నీడన ఆయన ఇల్లుగా మార్చిన ఈ మెటాడోర్ బండి, బండిలో నేను, వెనకాల క్వార్టర్ బోసిగా, దాని తాళంచెవి రేపు కంపెనీకి అప్పజెప్పాలి, సాయంత్రం మా అమ్మాయి మణిమాల టెంపో తీసుకొస్తుంది, మంచాలూ బీరువా భిలాయి-3లో వాళ్లింటికి చేర్చడానికి, సామానుతో పాటు అమ్మని కూడా ఎక్కించుకు పోవాలని దాని ఆశ, ఆ లోపల నేను గీయనైనా గీయాలి, మాననైనా మానాలి.

బండిలో ఇల్లు కట్టేవాళ్లు ఎవరైనా చెక్కతో కడతారు, రేకుతో కడతారు, ఈయన రేకు ముట్టుకుంటాడా, రేకు ఇనుమేటే, అగ్గిపెట్టి మీద కాయితం, అంటాడు, భిలాయి మగాళ్లందరిదీ ఇదే జబ్బు, ఇనుము మందం చూసి మనిషికి విలువ కట్టే రకం, ఖుర్సీపార్‌లో మా తెలుగువాళ్ల ఇళ్లకి వెళ్తే చూడాలి, తులసికోట చుట్టూ యాంగిల్ ఫ్రేము, చంటిపిల్ల ఉయ్యాలకి ఏనుగుని కట్టే గొలుసు, ఏదో స్కూలు వాళ్లు వదిలించుకున్న ఈ పాత బండి కొన్న రోజు నుంచి పాత ఇనుము అమ్మే కబాడీ షాపుల చుట్టూ తిరిగి తెచ్చిందంతా మందపాటి ప్లేటే, కోసి, వంచి, అతికి, సాన పట్టి, ఆ అతుకులు చూస్తే ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ ముగిశాయో తెలీదు, నా జడ కూడా అంత నున్నగా ఎప్పుడూ పడలేదు, మొన్న ఆదివారం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి గుమ్మడికాయతో దిష్టి తీసి బయల్దేరాం, స్టీరింగు దగ్గర నూకరాజు, లారీల షెడ్డు వాడిదే కదా, పక్కన మా ఆయన, వెనక నేను, చదునైన రోడ్డు మీద పెళ్లికొడుకులా నడిచింది, రైలు వంతెన ఎత్తు ఎక్కుతుంటే మూలిగింది, సగంలో ఆగింది, ఆగి మెల్లగా వెనక్కి జారింది, తాను కూర్చున్న ఇల్లు వెనక్కి జారుతుంటే ఎలా ఉంటుందో పగవాళ్లకి కూడా తెలియకూడదు, రిక్షాల వాళ్లూ సైకిళ్ల వాళ్లూ దిగి భుజాలు ఆనించి తోశారు, నూకరాజు చెమట తుడుచుకుంటూ, ఏటి సూరన్నా, బండి సేసినావనుకున్నాను గానీ ఫర్నేసుకి సక్రాలెట్టీసినావు, దీంతో భీమిలి సముద్రం కాడికెల్తావేటి, ఈ వంతెనే ఎక్కనేదు, దారిలో కొండల ఘాటీ ఏటెక్కుతాది, అన్నాడు, చుట్టూ అందరూ నవ్వారు, మా ఆయనా నవ్వాడు, ఆ నవ్వు నేను చూడలేక తల తిప్పుకున్నాను.

ఎంత ఆశపడ్డాడు, రిటైరవడానికి ఎంతో ముందు నుంచే ఒకటే పాట, ఇల్లు కట్టుకుంటే ఏటొస్తాదే, పక్కింటోడు మంచోడు కాపోతే బతికినన్నాళ్లూ ఆడి మొకమే సూడాల, అదే మన బండిల్లనుకో, తాళం తిప్పీసి పక్కూరెలిపోడమే, నీళ్లు బాగోపోతే నీళ్లు బాగున్న కాడికి, ఎండలు ముదిరితే సముద్రం ఒడ్డుకి, వాస్తు బాగోపోతే స్టీరింగు తిప్పీ, గుమ్మం తూరుపుకొచ్చీసింది, అని తొడ చరుచుకునేవాడు, నాకు నవ్వొచ్చినా నవ్వేదాన్ని కాదు, నవ్వితే ఒప్పుకున్నట్టవుతుందని, ఎవడో కప్పుకున్న దుప్పటి మనకక్కర్లేదు, ఎవడో వండిన కూడు అక్కర్లేదు, మన పరుపు, మన చారు, కిటికీలో మాత్రం రోజుకో ఊరు, ఇంతకంటే భోగమేటే, అనేవాడు, ఒప్పుకోను గానీ కొన్ని మాటలు లోపలికి దిగాయి, ఈ వంటగట్టు ఉంది చూడు, క్వార్టర్‌లో గట్టు ఏ పొడుగాటి మనుషుల్ని తలుచుకుని కట్టారో, కాపురమంతా పీట మీద నిలబడి వండాను, ఇక్కడ నా మోచేతి ఎత్తు కొలిచి పెట్టాడు, నిన్న ఊరికే వచ్చి నిలబడి చూశాను, భుజాలు వాటంతటవే దిగాయి, ఇన్నేళ్లూ భుజాలు ఎగబట్టి వండానని అప్పుడే తెలిసింది, ఇక వెనక మూల ఆ చిన్న గది, దాని సంగతి ఎవరితోనూ చెప్పుకోలేను, ఒకసారి ఖుర్సీపార్ ఆడవాళ్లతో కలిసి బస్సులో పూరీ వెళ్లాను, మగాళ్లకేం, ఎక్కడ బస్సాగితే అక్కడ దిగుతారు, మేం తెల్లవారింది మొదలు గుక్కెడు నీళ్లు తాగలేదు, తాగితే ఎక్కడ దిగాలి, పెదాలు పగిలి, ఒంట్లో మంట పుట్టి, జ్వరంతో గుడి చేరాను, దేవుడి ముందు నిలబడ్డాను, ఏం చూశానో ఇప్పటికీ గుర్తు లేదు, ఆ మాట ఆయనతో ఒక్కసారే అన్నాను, ఫిర్యాదుగా కూడా కాదు, ఆయన ఊకొట్టాడంతే, ఈ బండిలో అన్నిటికంటే ముందు కట్టింది ఆ గదే, లోపలి వైపు గడియ, పైన నీళ్ల ట్యాంకు, రావే, సూడు, అని తలుపు తీసి చూపిస్తే లోపలికెళ్లి ఆ గడియ ఒకసారి వేసి చూసుకున్నాను.

మరి మణిమాలకేం చెప్పాలి, ఇక్కడే పుట్టిన పిల్ల, దానికి కోపమొచ్చినా ప్రేమొచ్చినా హిందీయే వస్తుంది, మా, యే క్యా పాగల్‌పన్ హై, ఈ వయసులో బంజారోం కీ తరహ్ ఊళ్లు పట్టుకు తిరుగుతారా, నా దగ్గర ఉండండి మా, గది ఖాళీగానే ఉంది, లోగ్ క్యా కహేంగే, అని చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది, జనం ఏమన్నా దానికి బాధ లేదు, మేం రోడ్డు మీద ఎక్కడో పడిపోతామని దాని భయం, దాని ప్రేమ నిజం, అల్లుడు బలరాం కూడా మంచివాడే, రైల్వే క్వార్టరైనా గాలీ వెలుతురూ ఉన్న గది, అక్కడ నాకు ఏ లోటూ ఉండదు, ఆ మాట అనుకోగానే మనసు హాయిగా సర్దుకుంటుంది, కానీ మొన్న మణిమాల, నాన్నని ఒక్కరినే వెళ్లనీ మా, దో దిన్ మే వాపస్ ఆ జాయేంగే, అంది, నాకు ఒళ్లు మండిపోయింది, అదే మాట నేను నూరుసార్లు అన్నాను, అది అంటే మండింది, ఎందుకు మండిందో నాకే తెలీదు, ఆయన తిరిగొస్తాడన్నందుకా, ఒక్కడే వెళ్తాడన్నందుకా, ఈ క్వార్టరూ నాది కాదని మొదటి రోజు నుంచీ తెలుసు, సున్నం రంగు వాళ్లది, తలుపు మీద నంబరు వాళ్లది, గోడకి మేకు కొట్టాలంటే వెనకా ముందూ చూసుకోవాలి, జామచెట్టు ఒక్కటే నాది, దాని కాయలు వచ్చే ఏడు ఎవరి పిల్లలో తింటారు, తిననీ, కానీ గోడలు గట్టివి, ఆ ఒక్కటి చాలని ఇన్నేళ్లూ దేన్నీ అడగలేదు.

సరే, కూర్చుంటే తేలదు, లేచి చూద్దాం, ఈ కిటికీ కమ్మీలు, బొటనవేలంత లావు, జైలుకి కూడా ఇంత లావువి వెయ్యరు, వేయించిందెవరు, నేనే, రాత్రి దొంగలొస్తేనో అన్నాను, తలుపు వెనక ఈ రెండో తలుపు, ఒక తలుపుకి గడియ ఊడితేనో అన్నాను, కింద ఈ ప్లేటు, రాయెగిరి అడుగు చిల్లు పడితేనో అన్నాను, ఇత్తడి సామాను దాచే ఈ పెట్టె, నేలకి బోల్టులతో బిగించింది, అదీ నేనే, పైకప్పుకి లోపల్నుంచి అడ్డంగా ఈ దుక్కల్లాంటి పట్టీలు, గాలికి కప్పు లేచిపోతేనో అన్నాను, అదొక్కటి అన్నప్పుడు ఆయన వేళాకోళం చెయ్యలేదు, ఆయనకి తెలుసు, పూసపాటిరేగ అవతల మా ఊళ్లో తాటాకిల్లు, నేను అప్పటికి పరికిణీ కట్టే పిల్లని, పట్టపగలే చీకటి పడింది, గాలి ఊళపెట్టింది, కప్పు మోసే నిట్రాడ కదిలింది, మా అమ్మ దాన్ని రెండు చేతులా వాటేసుకుని, ఓలమ్మో, ఇల్లెలిపోతందే, ఇల్లెలిపోతందే, అని కేక, నేను నేల మీద బోర్లా పడి తలెత్తి చూస్తే కప్పు లేదు, కప్పు ఉండాల్సిన చోట ఆకాశం పరుగెడుతోంది, వాన నోట్లో పడుతోంది, ఆ తర్వాత కదిలే ఇల్లన్న మాటే నాకు చావు కబురు, పెళ్లై ఇక్కడికొచ్చిన రోజు ఈ క్వార్టర్ ఇటుక గోడకి అరచెయ్యి ఆనించి ఏడ్చాను, ఊరు గుర్తొచ్చి ఏడుస్తున్నానని ఆయన అనుకున్నాడు, సంతోషంతో ఏడ్చానని చాన్నాళ్లకి చెప్పాను, ఇల్లంటే కదలకూడదు మావా, అని చెప్పాను.

అంటే నేను భయపడినప్పుడల్లా ఆయన వేళాకోళం చేశాడేమో గానీ వాదించలేదు, వెళ్లి ఒక ప్లేటు తెచ్చాడు, నేను ఇంకో మాటంటే ఇంకో ప్లేటు, ఊరంతా ఆయన మందం పిచ్చని నవ్వింది, ఊరితో పాటు నేనూ అదే అనుకున్నాను, పిచ్చి కొంత ఉంది, లేదని ఎవరంటారు, కానీ ఆ వంతెన మీద బండిని వెనక్కి లాగింది ఆయన పిచ్చి కాదు, నా భయం, దాన్ని కొలిచి, కోసి, అతికి, పక్కనెక్కించుకుని బయల్దేరాడు ఆ మనిషి, అంతమంది నవ్వుతుంటే మా ఇంటిది అడిగింది అని ఒక్క ముక్క అనలేదు, అని ఉంటే ఆయన నవ్వు నిజం నవ్వులా ఉండేది, ఇటివ్వు ఆ సుద్ద అని ఎవరినడగాలి, నా చేతిలోనే ఉంది, గీశాను, కమ్మీల మీద ఒక గీత, రెండో తలుపు మీద పై నుంచి కిందకి, పెట్టె చుట్టూ, ఇత్తడి సామాను మణిమాలకిచ్చేస్తాను, అది మురిసిపోతుంది, అడుగు ప్లేటు మీద మోకాళ్లు నొప్పి పెడుతున్నా వంగి గీశాను, పైకప్పు పట్టీలు మిగిలాయి, చెయ్యి అందలేదు, పీట ఎక్కి గీశాను, గీత వంకరగా వచ్చింది, మిల్లులో అయితే తిట్టేవాళ్లు.

సైకిలు స్టాండు వేసిన చప్పుడు, భుజం మీద కటర్ గొట్టంతో ఆయన లోపలికొచ్చాడు, గీతలు ఒక్కొక్కటే చూశాడు, పైకి చూసి, ఒలే, ఇయి కూడానేటి, టాపు దానికదే గట్టిదే, ఇయి నీ గురించి ఏసినాను, తీసేత్తే గాలికి టాపు సప్పుడు సేత్తాది, బయపడిపోతావే, అన్నాడు, పడను అని చెప్పబోయాను, అబద్ధం నోటికి రాలేదు, పడతాను మావా, పడితే నీ సెయ్యట్టుకుంటాను, కొయ్యి, అన్నాను, ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు, నేను కిందకి దిగి అరుగు మీద కూర్చున్నాను, లోపల మంట సన్నగా బుసకొట్టింది, మొదటి కమ్మీ ఊడి నేల మీద పడితే గుండె ఝల్లుమంది, రెండోది పడితే మళ్లీ ఝల్లుమంది, అలవాటవుతుందేమో అనుకున్నాను, కాలేదు, సాయంత్రం మణిమాల వస్తుంది, ఏడుస్తుంది, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్తాను, ఒకసారి మాతో రమ్మంటాను, ఏం చెప్పినా నాకు భయం పోయిందని మాత్రం చెప్పను, పోలేదు, ఇప్పుడు కూడా ఒళ్లంతా అదే, అది పోయాక బయల్దేరదామని ఇన్నేళ్లూ గోడకి ఆనుకుని కూర్చున్నాను, భయం పోయాక వెళ్లడం అంటూ ఉండదు, భయపడుతూనే వెళ్లాలి.