జల్లెడ పట్టిన గాలి

నేను ఒక ఆక్సిజన్ యంత్రాన్ని. ఊపిరి పోసేది పైవాడే అంటారు. ఆయన చెయ్యి తీసేశాక నన్ను మంచం పక్కన పెట్టి ప్లగ్గు గుచ్చుతారు. గాలిని లాక్కుని, అందులోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి, సన్నటి గొట్టంలోంచి మనిషి ముక్కుకు అందించడం నా పని. కోయంబత్తూరు దగ్గర ఒక కార్ఖానాలో తయారై, మొదట భీమవరంలో చేపల చెరువుల ఆసామి ఇంటికి చేరాను. ఆయన బతికున్నన్నాళ్లూ ఇంటిల్లిపాదీ నా రొద భరించలేక విసుక్కున్నారు. ఆయన పోయాక బొట్టు పెట్టి దండం పెట్టారు. ఆ తర్వాత అమ్మేశారు.

కాకినాడలో నన్ను కొన్నది హేమలత, వాళ్లమ్మ రత్నమాణిక్యం కోసం. ఆవిడ ఏళ్ల తరబడి పొట్టుపొయ్యి ముందు కూర్చుని మెస్సు నడిపింది. ఆ పొగ కడుపులు నింపింది గాని ఊపిరితిత్తుల్ని మిగల్చలేదు.

హేమలత భర్త కామేశ్ డాక్టరు. కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవిలో, మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ కబురు విన్న రోజునే రత్నమాణిక్యం తేల్చి చెప్పేసింది.

"నన్నెందుకే అంత దూరం మోసుకెళ్లడం? ఇక్కడే ఏదో ఓ హోములో పడెయ్యండి. నా తిప్పలు నేను పడతాను."

"నువ్వు రాకపోతే నేనూ వెళ్లను. ఆయన ఒక్కరే వెళ్లి వండుకు తింటారు," అంది హేమలత.

ఆ మాటకు ఆవిడ మెత్తబడింది. అల్లుడికి గంజి వార్చడం కూడా రాదని ఆవిడకు తెలుసు.

ఆ దీవిలో అప్పటికే స్థిరపడిన పద్మజగారని ఒకావిడ ఫోనులో సలహాలు చెప్పేది. "కందిపప్పు, ఎండుమిర్చి దొరుకుతాయండీ, మోసుకురాకండి. సర్టిఫికెట్లు, మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి. ఎల్లో ఫీవర్ టీకా ఇప్పుడే వేయించుకోండి. జూన్ నుంచి తుపాన్ల కాలం, మేడమీద ఇల్లు చూసుకోండి. కరెంటు మాత్రం నూట పదిహేను వోల్టులే, అమ్మగారి మిషనుకు మంచి ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకోండి." చివర్లో గొంతు తగ్గించింది. "ఇంకోటండీ. కామేశ్‌గారి వీసా మీకు వర్తిస్తుంది గాని అమ్మగారికి వర్తించదు. ఆవిడ చుట్టపుచూపుగానే రావాలి. గడువు పొడిగించమని అడుగుతూ ఉండాలి."

"అడుగుతాం లెండి," అంది హేమలత. అడిగితే ఇస్తారనే నమ్మకం మనుషులకు ఎక్కడినుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

విమానంలో ఆవిడ కోసం బ్యాటరీతో నడిచే చిన్న యంత్రాన్ని అద్దెకు తెచ్చారు. నేను దుప్పట్ల మధ్య పెట్టెలో పడుకుని వెళ్లాను. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు సరిచేసింది గాని సెకనుకు యాభైకి బదులు అరవైసార్లు కొట్టుకునే ఆ కరెంటు నడక మార్చలేకపోయింది. నా మోటారు కాస్త వేగంగా తిరిగేది, త్వరగా వేడెక్కేది. అయినా పనిచేశాను. వంటింట్లో ఏం ఆగినా ఫర్వాలేదని నా ఒక్కదాని కోసం ఇన్వర్టరు పెట్టించారు. మబ్బు పట్టినప్పుడల్లా హేమలత వచ్చి ఆక్సిజన్ సరిగా వస్తోందని చెప్పే నా దీపం ఆకుపచ్చగా ఉందో లేదో చూసి వెళ్లేది.

పక్కింట్లో వీరసామి అనే ముసలాయన ఉండేవాడు. వాళ్ల ముత్తాతలు చెరకుతోటల పనికి మద్రాసులో ఓడెక్కినవాళ్లు. పేరు తప్ప ఆయన దగ్గర అక్కడి భాష ఏమీ మిగల్లేదు. రోజూ ప్రహరీ అవతల నిలబడి కిటికీలోకి ఇంగ్లీషులో పలకరించేవాడు. రత్నమాణిక్యం తెలుగులో జవాబిచ్చేది. "ఇయ్యాల ఆయాసం ఎక్కువుందండీ," అని ఈవిడ అంటే, వాన పడుతుందేమో అన్నట్టు ఆయన ఆకాశం చూసి తల ఊపేవాడు. ఇద్దరికీ ఎంతో తృప్తి.

గడువు ఒకసారి పొడిగించారు. రెండోసారి కుదరదన్నారు. నెలాఖరులోగా ఆవిడ దేశం విడిచి వెళ్లాలన్నారు. ఆస్పత్రి డాక్టరు చూసి, ఈ స్థితిలో విమానం ఎక్కిస్తే దారిలోనే పోతుందన్నాడు. వెళ్లకూడదు, ఉండకూడదు. కామేశ్ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కాలేజీవాళ్లు జాలిపడ్డారు. జాలి పడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"తప్పంతా నాదేనమ్మా. నిన్ను అక్కడే ఉంచాల్సింది," అని హేమలత ఏడ్చింది.

"ఊరుకోవే. అక్కడుంటే మాత్రం ఈ ఊపిరితిత్తులు కొత్తవి మొలుస్తాయా?" అంది రత్నమాణిక్యం. కాసేపు రొప్పి మళ్లీ అంది: "నీ చేతి చారన్నం తింటన్నాను. చాల్లే."

ఆ తర్వాత మూడు రోజులకు పెద్ద తుపాను వస్తుందన్నారు. ఇన్వర్టరు నింపారు, సిలిండరు తెచ్చి పెట్టారు, కిటికీలకు చెక్కలు కొట్టారు. తుపాను దారి మళ్లింది. కరెంటు ఒక్క క్షణం కూడా పోలేదు. ఇంట్లో అందరూ తేలికపడ్డారు. హేమలత చాలా రోజుల తర్వాత కూనిరాగం తీస్తూ పక్కగదిలో భర్త చొక్కాలు ఇస్త్రీ చేసుకుంది.

ఆ మధ్యాహ్నం ఎప్పుడో రత్నమాణిక్యం ఊపిరి ఆగిపోయింది.

నాకు తెలియలేదు. అవతల ముక్కు పీలుస్తోందో లేదో తెలుసుకునే తెలివి నాలో పెట్టలేదు. నేను మోగుతూనే ఉన్నాను. ఆ రొద వింటూ, అమ్మ కంటినిండా నిద్రపోతోందనుకుంది హేమలత. చొక్కాలన్నీ మడతపెట్టి, కాఫీ కలుపుకుని వచ్చి చెయ్యి ముట్టుకుంది.

"ఇది నడుస్తూనే ఉందిగా..." అని భర్తను అడిగింది. ఆయన నన్ను ఆపేశాడు. ఆ గదిలో అంత నిశ్శబ్దాన్ని వాళ్లు అంతకు ముందెన్నడూ వినలేదు.

ఆవిడ దహనం ఆ దీవిలోనే జరిగింది. గడువు ఇంకా నాలుగు రోజులుంది. సిలిండరు తిరిగి ఇచ్చేసి, నన్ను మేడమెట్ల కింద పెట్టి, పైన చాప కప్పారు.

వానాకాలం గడిచింది. ఒక ఉదయం వీరసామి కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. తండ్రికి ఊపిరి ఆడటంలేదట. ఆస్పత్రిలో మంచం దొరికేదాకా ఆ యంత్రం ఇస్తారా అని అడిగింది.

హేమలత మొహంలో చాలాకాలానికి వెలుగు చూశాను. తనే నన్ను తుడిచి, కామేశ్‌తో కలిసి పక్కింటికి మోసుకెళ్లి, ప్లగ్గు గుచ్చింది. "అమ్మది. బాగా పనిచేసేది," అంది ఆ అమ్మాయితో.

నాలో ఆక్సిజన్‌ను వేరుచేసేవి తెల్లటి గుళికలు. నడవకుండా ఉంటే అవి చెమ్మ తాగేసి చచ్చిపోతాయి. ఆ సముద్రపు గాలిలో అన్ని నెలలు ఖాళీగా పడి ఉన్నాను. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ముసలాయన ముక్కుకు గొట్టం పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నా దీపం ఆకుపచ్చగా వెలగలేదు. పసుపుపచ్చగా వెలిగి అలాగే ఉండిపోయింది. కామేశ్ మంచం కోసం ఆస్పత్రికి ఫోను చేస్తున్నాడు. హేమలత మీటలన్నీ తిప్పింది, ఆపి మళ్లీ వేసింది. ఆయన పెదవులు నల్లబడుతున్నాయి.

"మోగుతోంది కదా, మరి గాలి వస్తోంది కదా!" అంది ఆయన కూతురు.

వస్తోంది. కిటికీలోంచి వచ్చే గాలే, గొట్టంలోంచి వస్తోంది.