పలకమ్మ సంతకం

పొద్దున ఏడున్నరకల్లా ఆ మూడంతస్తుల మేడ మెట్లు పసిపిల్లల ఏడుపులతో నిండిపోతాయి. బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పై అంతస్తుకు వచ్చి, అక్కడ పిల్లల్ని చూసుకునే అత్తాకోడళ్ళలో కోడలి చేతికి అందించి, వెనక్కి తిరిగి చూడకుండా దిగిపోతారు. చూస్తే కాళ్ళు కదలవని వాళ్ళకు తెలుసు. మొత్తం తొమ్మిది మంది పిల్లలు. గోడకు తొమ్మిది మేకులు, మేకులకు తొమ్మిది సంచులు. కిటికీ పక్క కుర్చీలో అత్తగారు ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరు పాలు తాగారు, ఎవరు కక్కుకున్నారు, ఎవరికి ఒళ్ళు వెచ్చగా ఉంది, అన్నీ రాస్తుంది. రాయకపోతే ఈ మధ్య నిమిషంలో మర్చిపోతోంది. ఒకరోజు ఒకే బుడ్డోడికి మూడుసార్లు పాలు పట్టింది. వాడూ గుర్తు చెయ్యలేదు.

నలభై దాటాక పలక పట్టి సొంతంగా చదువు నేర్చుకున్న మనిషి కాబట్టి ఆ వీధిలో ఆమె పేరు పలకమ్మ. అంతకుముందు వేలిముద్రే. ఏముందో తెలియని కాగితం మీద వేలిముద్ర వేసి పుట్టింటి వాటా అంతా పోగొట్టుకుంది. ఆ వారమే వెళ్ళి పలక కొనుక్కుంది.

ఆమె సంతకానికి ఒక గుణం ఉంది. మనసొప్పని మాట కింద అది నిలవదు. రెండు గంటలు ఓపిక పడుతుంది, ఆ తర్వాత లేచి వచ్చేస్తుంది. కొడుకు చిన్నప్పుడు బడివాళ్ళు పంపిన కాగితంలో 'మా అబ్బాయి రోజూ ఇంట్లో చదువుతాడు' అని ఉంటే, ఆమె సంతకం పెట్టి పంపింది. మధ్యాహ్నానికి అది పుస్తకాల సంచిలోంచి దిగి, నాలుగు వీధులు దాటి, వంటింటి గోడెక్కి కూర్చుంది. బ్యాంకులో, పోస్టాఫీసులో అందరికీ ఈ సంగతి తెలుసు. "ఆవిడ సంతకం మీద వెంటనే స్టాంపు గుద్దెయ్. ముద్ర పడితే ఇక కదల్లేదు" అని పాత గుమాస్తా కొత్త గుమాస్తాకు పని నేర్పేటప్పుడే చెబుతాడు.

కొడుకు అంబులెన్సు డ్రైవరు. ఆ పేటలో ఫోన్లకు సిగ్నల్ సరిగ్గా అందదు. పోయిన నెల రెండు వీధుల అవతల ఒకాయనకు గుండెనొప్పి వస్తే, భార్య ఆరుసార్లు ఫోను చేసినా తగల్లేదు. బండి వెళ్ళేసరికి ఆయన చల్లబడిపోయాడు. ఆ రోజు నుంచి కొడుక్కి అన్నం సహించడం లేదు. అందుకే సెల్ టవర్ కంపెనీ మనిషి చంకలో ఫైలు పెట్టుకుని వచ్చి, "ఈ చుట్టుపక్కల మీ మేడే ఎత్తు, డాబా మీద పెడతాం" అంటే, దేవుడే వచ్చినంత సంబరపడ్డాడు. పై అంతస్తు, డాబా రెండూ తల్లి పేరు మీద ఉన్నాయి. కావలసింది ఆమె సంతకం.

"టవరొద్దని నేనన్నానా?" అంది పలకమ్మ. "పసిపిల్లలు పడుకునే గది నడినెత్తిన ఎందుకంటున్నాను. ఐస్ ఫ్యాక్టరీ వెనక అంత ఖాళీ జాగా ఉందిగా."

"అక్కడికి కేబుల్ లాగాలి పెద్దమ్మగారూ, చాలా పని. మీ డాబా అయితే అన్నీ సిద్ధంగా ఉన్నాయి. టవర్ రేడియేషన్ వల్ల ప్రమాదం ఉందని ఎవరూ రుజువు చెయ్యలేదు."

"ఉందని నేనూ అనడం లేదు. పిల్లల మీద ఇక్కడైతే ఎంత పడుతుందో, అక్కడైతే ఎంత పడుతుందో లెక్క చెప్పి అడగమంటున్నాను. మీ ఇంటి మీద పెట్టారా?"

"మాది అద్దిల్లండీ."

"పోనీ, ఓనరుకు చెప్పి పెట్టించుకో."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అలా మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లు కాదనిపించుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున పది గంటలకు కొడుకు ఒక్కడే కాగితంతో వచ్చాడు. కోడలు లోపల పిల్లలకు స్నానాలు చేయిస్తోంది.

"సంతకం పెట్టమ్మా. రాత్రి సరేనన్నావుగా."

పలకమ్మ పలక వంక చూసింది. నిన్నటివన్నీ సాయంత్రమే తుడిచేసింది, ఇవాళ్టి పాల లెక్క తప్ప ఏమీ లేదు. ఎంత తడుముకున్నా రాత్రి మాట ఒక్కటీ దొరకలేదు. గుర్తు లేదని చెబుదామనుకుంది. చెబితే కొడుకు మొహంలో జాలి చూడాలి. అది ఆమె వల్ల కాదు.

"ఆఁ, అన్నాను అన్నాను," అంటూ సంతకం పెట్టేసింది.

అతను వాచీ చూసుకుంటూ దిగిపోయాడు.

కోడలు తడి చేతులతో బయటికొచ్చి, విషయం విని, నిలువునా నీరైపోయింది. "అత్తయ్యా! రాత్రి ఆయన అడిగితే 'నా పీనుగ మీద పెట్టుకోండి టవరు' అన్నారు మీరు!"

"నేనా? బాగానే అన్నానే!" అంది పలకమ్మ. ఆ వెంటనే మొహం మాడ్చుకుంది. "నా మతిమరుపు మీద నిచ్చెనేసుకుని డాబా ఎక్కుతున్నాడన్నమాట. పద."

కింది వాటావాళ్ళకు పిల్లల్ని అప్పజెప్పి, టవరు మాట వచ్చినప్పుడే తల్లులంతా సంతకాలు పెట్టి ఇచ్చిన అభ్యంతరం అర్జీ తీసుకుని ఇద్దరూ ఒప్పందాలకు ముద్ర వేసే మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళేసరికి పదకొండున్నర. కొడుకు, కంపెనీ మనిషి అప్పుడే వరస వచ్చి ఆఫీసరమ్మ బల్ల ముందు ఉన్నారు. ఒప్పందం కాగితం పరిచి ఉంది. ఆమె చేతిలో స్టాంపు ఉంది.

"ఈ సంతకం మీదేనామ్మా?"

"నాదే. కానీ నేను ఒప్పుకోలేదు."

"మరి ఎందుకు పెట్టారు?"

"గుర్తు లేదు."

కంపెనీ మనిషి నవ్వాడు. "గుర్తే లేనప్పుడు ఒప్పుకోలేదని ఎలా తెలుసు పెద్దమ్మగారూ?"

"కూరలో ఉప్పెంత వేశానో గుర్తుండదు నాయనా. చప్పగా ఉంటే నాలుక్కి తెలియదా?"

ఆఫీసరమ్మ పెదవి కొరుక్కుంది. "అయితే ఈ అర్జీ మీద కూడా సంతకం పెట్టండి. డాబా మీది కాబట్టి మీ అభ్యంతరం ఉంటే ఒప్పందం ఆపుతాను."

పలకమ్మ కలం పట్టుకుంది. మొదటి అక్షరం రాలేదు. పొద్దున వచ్చిన అక్షరమే. ఎటు నుంచి మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి? కలం కాగితం మీద చుక్క దగ్గరే ఆగిపోయింది. గదిలో అందరూ చూస్తున్నారు.

"వేలిముద్ర వేయించండి, పాపం," అన్నాడు కంపెనీ మనిషి, సిరా డబ్బా ముందుకు తోస్తూ.

పలకమ్మ బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. "ఆ వేలికి సెలవిచ్చి ముప్పై ఏళ్ళయింది. ముందు ఆ ఒప్పందం ఇటివ్వండి. చదువుతాను."

"అమ్మా, నువ్వు చదివేసరికి తెల్లారుతుంది," అన్నాడు కొడుకు.

"తెల్లారనీ. చదవకుండా వేసినందుకే ఒకసారి కొంప మునిగింది. చదివే హక్కు నాకుందా లేదా ఆఫీసరమ్మా?"

"ఉంది," అంది ఆఫీసరమ్మ. స్టాంపు పక్కన పెట్టింది.

పలకమ్మ కళ్ళజోడు తుడుచుకుని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, అర్థం కాని మాట దగ్గర ఆగి, "ఇదేంటి?" అని అడుగుతూ. రాయడం మర్చిపోయిన మనిషికి చదవడం ఎలా మిగిలిందో ఆమెకే తెలియదు. మిగిలినదాన్ని గట్టిగా పట్టుకుంది. కంపెనీ మనిషి రెండుసార్లు ఆవలించాడు. మూడో పేజీలో ఆమె వేలు ఆగింది.

"'పిల్లల గదిలో రేడియేషన్ కొలత తీసి చూడగా పరిమితికి లోబడి ఉన్నది.' ఎప్పుడు తీశారు? టవరే లేదుగా!"

"అది... పెట్టాక ఎలాగూ తీస్తాం కదండీ. ముందే రాసుంచుతాం."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా!"

పక్క బల్ల గుమాస్తా ఫక్కున నవ్వాడు. కొడుకు నవ్వలేదు. కాగితం లాక్కుని ఆ వాక్యం తానే చదివాడు. మళ్ళీ చదివాడు. "నాతో కొలిచామన్నావు," అన్నాడు కంపెనీ మనిషితో మెల్లగా.

కంపెనీ మనిషి గడియారం వంక చూశాడు. పన్నెండు. కాగితం అందుకుని బల్ల మీద పెట్టి, "స్టాంపు వెయ్యండి మేడమ్, స్టాంపు!" అన్నాడు. అప్పటికే సంతకంలో మొదటి అక్షరం తల ఎత్తింది. అతను గబుక్కున గాజు పేపర్‌వెయిట్ తెచ్చి దాని మీద పెట్టాడు. గాజు కింద సంతకం పెద్దదిగా కనిపించింది. చివరి దీర్ఘం అటూ ఇటూ కొట్టుకుంటోంది.

ఆఫీసరమ్మ స్టాంపు ఎత్తి పట్టుకుంది, దించలేదు.

కొడుకు చూశాడు. ఊపిరాడని మనుషుల్ని రోజూ చూసే కళ్ళు అవి. చెయ్యి చాచి పేపర్‌వెయిట్ తీసేశాడు.

సంతకం లేచి ఒళ్ళు దులుపుకుంది. దీర్ఘాన్ని తోకలా ఈడ్చుకుంటూ బల్ల మీద నడిచింది. ఎప్పుడూ ఆమె దగ్గరికి వచ్చేదే, ఈసారి రాలేదు. సిరా డబ్బాను చుట్టి వెళ్ళి, అర్జీ ఎక్కి, తల్లుల సంతకాలన్నిటి కింద చోటు చూసుకుని, సర్దుకుని కూర్చుంది.

"స్పష్టంగానే ఉంది," అంది ఆఫీసరమ్మ. దాని పక్కన, దానికి తగలకుండా, స్టాంపు వేసింది.

బయటికొచ్చాక కొడుకు మెట్ల దగ్గర ఆగి, "రాత్రి నువ్వు సరే అనలేదమ్మా," అన్నాడు.

"తెలుసురా."

"ఆ పెద్దాయన చనిపోయాడని..."

"అదీ తెలుసు. ఐస్ ఫ్యాక్టరీ దగ్గర పెట్టించు. కొలతలు మాత్రం తల్లుల ముందు తియ్యమను. సిగ్నలొచ్చాక మొదటి ఫోను నాకే చెయ్యి."

కేబుల్ లాగడానికి రెండు నెలలు పట్టింది. కొలిచే రోజు తల్లులంతా షిఫ్టు మానేసి కొలత పెట్టె చుట్టూ నిలబడ్డారు, అంకెలు పైకి చదివించుకున్నారు. కొడుకు మొదటి ఫోను తల్లికే చేశాడు. ఆమె వీధంతా వినపడేలా "ఆఁ, వినపడుతోంది!" అని అరిచింది.

పలకమ్మ చేతికి మాత్రం సంతకం మళ్ళీ రాలేదు. పలక మీద ఎన్నిసార్లు దిద్దినా మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. ఇంకో ఏడాదికి కంపెనీ మనిషి కొత్త ఫైలుతో మళ్ళీ మూడంతస్తులు ఎక్కాడు. ఇంకో చిన్న యాంటెన్నా ఉంది, డాబా మీద ఒక మూల చాలు, ఒక్క సంతకం.

ఆమె అతన్ని గుర్తుపట్టలేదు. కాగితం మాత్రం మొదటి నుంచి చివరిదాకా, వేలు పెట్టి, అతన్ని నిలబెట్టి చదివింది. తర్వాత తిరిగి ఇచ్చేసింది.

"నా సంతకం ఇంట్లో లేదు నాయనా. ఆఫీసులో కాపలా ఉంది. దాన్నెళ్ళి అడుగు," అని తలుపు సగం మూసింది. "మెట్లు చప్పుడు చెయ్యకుండా దిగు. పిల్లలు ఇప్పుడే పడుకున్నారు."